కార్మిక శాఖ కుర్చీలో సంజీవయ్య, మా తమ్ముడి చేతిలో స్కానరు

పలమనేరు బస్టాండులో తెల్లవారుజామున బెంగళూరు బస్సు కోసం నిలబడే కుర్రాళ్లలో చాలామంది మా పేటల వాళ్లే. ములబాగల్, కోలార్ దాటాక ఒక్కొక్కరు ఒక్కో చోట దిగిపోతారు. మా చిన్నాన్న కొడుకు ఒకడు అలాగే ఒక గోదాములో పనికి కుదిరాడు. అక్కడ చేతికి ఒక స్కానరు కడతారు. ఏ అరలో ఏ వస్తువు తీయాలో, ఎన్ని సెకన్లలో తీయాలో అదే చెబుతుంది. గత వేసవిలో ఒకరోజు బరువు ఎత్తబోయి నడుము పట్టేసింది. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ కూర్చున్న 41 నిమిషాలను యంత్రం ఖాళీ సమయంగా రాసుకుంది. మరుసటి వారం అతనికి షిఫ్టులు రాలేదు. సూపర్‌వైజరును అడిగితే సిస్టమే తీసేసిందని, తన చేతుల్లో ఏమీ లేదని చెప్పి పంపించాడట.

దెబ్బ తగలడం మా వాళ్లకు కొత్త కాదు. దెబ్బ తగిలినందుకు యంత్రమే తప్పు రాసుకోవడం మాత్రం మాకు కొత్తగా అనిపించింది. కార్మిక చట్టాల చరిత్ర మీద పరిశోధన చేస్తున్న మేము ఆ రాత్రి మళ్లీ దామోదరం సంజీవయ్య జీవితం దగ్గరికి వెళ్లాం. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రిగా ఆయన పేరు మనందరికీ తెలుసు. ఆయన రెండుసార్లు కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేసిన సంగతి జయంతి సభల్లో ఒక వాక్యంలో దాటిపోతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ వాక్యం గురించే.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గర పెదపాడులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునయ్య. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే తండ్రి పోయారు. సెంటు భూమి లేని ఇల్లు. నేత పని, కూలి పని. కొంతకాలం మేనమామ ఊరికి వెళ్లి పశువులు కాశారు. తర్వాత అన్న పట్టుబట్టి బడికి పంపడంతో కర్నూలు మునిసిపల్ హైస్కూలు దాకా వచ్చారు. అక్కడి నుంచి అనంతపురం దత్తమండల కళాశాల. అక్కడ ఆయన చదివింది గణితం, ఖగోళశాస్త్రం. అంటరాని వాడలో పుట్టిన కుర్రాడు 1940 ప్రాంతంలో నక్షత్రాల లెక్కలు కట్టడం మాకెప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. కానీ ఆ లెక్కలు కడుపు నింపలేదు. డిగ్రీ చేతికొచ్చాక కర్నూలు రేషన్ ఆఫీసులో గుమాస్తాగా, ఆ తర్వాత అలాంటివే చిన్నా చితకా ఉద్యోగాల్లో చేశారు. మద్రాసులో లా చదువుతూనే ఒక బడిలో లెక్కలు చెప్పి ఖర్చులు గట్టెక్కించుకున్నారు. 1948లో లా డిగ్రీ వచ్చింది. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడయ్యారు. 1952లో రాజాజీ మంత్రివర్గంలోకి వచ్చారు. 1960 జనవరి 11న, ఇంకా 39 ఏళ్లు నిండకుండానే, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు.

ముఖ్యమంత్రిగా ఉన్న రెండేళ్ల గురించి ఇప్పటికే చాలా రాశారు. వృద్ధాప్య పింఛన్లు, 1961 భూపరిమితి చట్టం, అవినీతి నిరోధక శాఖ అన్నీ ఆ కాలంలోనివే. ముఖ్యమంత్రి తల్లి పల్లెలో పూరింట్లో కట్టెల పొయ్యి మీద వండుకునేదని చెప్పే కథలు కూడా చాలా ఉన్నాయి. వాటి జోలికి మేము పోవడం లేదు. ఒక దళిత నాయకుడిని పేదవాడిగా ఉన్నందుకే మెచ్చుకునే అలవాటు మన పత్రికలకు ఎక్కువ. ఆయన చేసిన పాలనను పాలనగా చదివే అలవాటు తక్కువ.

1962లో ఆయన కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన తొలి దళితుడు ఆయనే. 1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో కార్మిక, ఉపాధి శాఖ తీసుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ శాఖను ఆయన కంటే ముందు ఎవరెవరు చూశారో గమనిస్తే ఒక వరస కనిపిస్తుంది. 1942 జూలై నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడు డాక్టర్ అంబేడ్కర్. వారానికి 48 గంటల పని పరిమితి ఫ్యాక్టరీల చట్టంలోకి వచ్చింది ఆ కాలంలోనే, 1946 సవరణలో. ఆ వెంటనే జగ్జీవన్ రామ్ వచ్చారు. 1948 ఫ్యాక్టరీల చట్టం, 1952 గనుల చట్టం ఆయన హయాంలో వచ్చినవి. తర్వాత 1964లో సంజీవయ్య. 1966లో మళ్లీ జగ్జీవన్ రామ్. 1970లో మళ్లీ సంజీవయ్య. ఆ దశాబ్దాల్లో మరో కేంద్ర శాఖ ఇన్నిసార్లు దళితుల చేతుల్లోకి వచ్చిన దాఖలా మాకు కనబడలేదు. ఆర్థికం, హోం శాఖలు ఇవ్వని చోట కార్మిక శాఖ ఇచ్చేసి సరిపెట్టారని అనేవాళ్లున్నారు. అందులో నిజం లేకపోలేదు. అయినా ఆ చిన్న కుర్చీలో కూర్చున్నవాళ్లు గనిలోకి, మిల్లులోకి, మురుగు కాలువలోకి దిగే మనిషి ఎవరో తెలిసినవాళ్లు. అది కూడా నిజమే.

పలమనేరు వాళ్లకు గని అంటే కోలార్ బంగారు గనులే. వి.కోట మీదుగా వెళితే పెద్ద దూరం కాదు. 1880ల నుంచి 2001 ఫిబ్రవరిలో మూతపడేదాకా అక్కడ రాయి పగలగొట్టింది చాలావరకు చిత్తూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి వెళ్లిన దళితులే. 1940లలో ఏడు వేల మందికి పైగా కార్మికుల ఊపిరితిత్తులను పరీక్షిస్తే నూటికి నలభై మందికి పైనే సిలికోసిస్ బయటపడింది. అక్కడి నుంచి దగ్గుకుంటూ వచ్చి, ఇళ్ల ముందు నులక మంచాల మీద కూర్చునే తాతలను మేము చిన్నప్పుడు చూశాం. దుమ్ము కంటికి కనపడదు. అందువల్ల అది పట్టుకున్న జబ్బును కూడా ఎవరూ యజమాని ఖాతాలో రాయలేదు. తాగుడు అన్నారు, వయసు అన్నారు, ఒంటి తత్వం అన్నారు.

కంటికి కనపడని ధూళే సంజీవయ్య కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు పెద్ద ఘోరానికి కారణమైంది. 1965 మే 28న, అప్పటి బీహారులో, ఇప్పటి జార్ఖండ్ బొకారో జిల్లాలో ఉన్న ధోరీ బొగ్గు గనిలో పేలుడు జరిగింది. 268 మంది చనిపోయారు. గాలిలో తేలే సన్నని బొగ్గు ధూళి నిప్పురవ్వ తగిలితే మందుగుండులా అంటుకుంటుంది. ఒక చోట మొదలైన మంట, అది లేపిన ధూళినే తింటూ సొరంగాల వెంట పరుగెత్తుతుంది. దీనికి విరుగుడు ఏమిటో అప్పటికి దశాబ్దాలుగా తెలుసు. నీళ్లు చల్లాలి, సున్నపురాయి పొడి చల్లి ధూళిని మండకుండా చేయాలి, ఎప్పటికప్పుడు కొలిచి రాయాలి. 1957 బొగ్గు గనుల నిబంధనల్లో ఇదంతా ఉంది. పుస్తకంలో నిబంధన ఉండటం వేరు, దాన్ని చూసే మనిషి గనిలోకి దిగడం వేరు. ఆ తేడా విలువ ఆ రాత్రి 268 ప్రాణాలు.

ధోరీ పేలుడు జరిగిన మరునాడే, అంటే మే 29న, కేంద్రం బోనస్ ఆర్డినెన్సు తెచ్చింది. మెహర్ కమిషన్ నివేదిక తర్వాత వచ్చిన ఆ ఆర్డినెన్సు సెప్టెంబరులో బోనస్ చెల్లింపు చట్టంగా మారింది. లాభం వచ్చినా రాకపోయినా జీతంలో నాలుగు శాతం గానీ, 40 రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది ఇవ్వాల్సిందేనని అది అప్పట్లో చెప్పింది. సంజీవయ్య పేరు చెబితే కార్మిక సంఘాల పెద్దలు ఇప్పటికీ గుర్తుచేసుకునేది ఈ చట్టాన్నే. మంచిదే. కానీ ఆ ఏడాది చివర జరిగిన మరో పనిని మాత్రం అందరూ మర్చిపోయారు.

1965 డిసెంబరులో కార్మిక శాఖ ఢిల్లీలో పారిశ్రామిక భద్రత మీద జాతీయ స్థాయి సదస్సు పెట్టింది. రాష్ట్ర ప్రభుత్వాలు, యజమానుల సంఘాలు, కార్మిక సంఘాలు ఒకే చోట కూర్చున్నాయి. దేశానికి ఒక భద్రతా మండలి కావాలని అక్కడే తేల్చారు. 1966 మార్చి 4న జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. ఇవాళ్టికీ మార్చి 4న ఫ్యాక్టరీల గేట్ల దగ్గర ఆకుపచ్చ బ్యాడ్జీలు పెట్టుకుని ప్రమాణాలు చేసే జాతీయ భద్రతా దినోత్సవం అందుకే. అప్పటికి శాస్త్రి మరణించారు, సంజీవయ్య జనవరిలోనే పరిశ్రమల శాఖకు మారిపోయారు. పునాది పడినప్పుడు ఆయన ఉన్నారు, బోర్డు తగిలించేటప్పుడు లేరు. ఆ బ్యాడ్జీలు పెట్టుకున్నవాళ్లలో ఒక్కరైనా ఆయన పేరు తలచుకోగా మేము వినలేదు.

మండలి వల్ల ఒరిగిందేమిటని ఎవరైనా అడగొచ్చు. అది సలహా ఇచ్చే సంస్థే తప్ప శిక్షించేది కాదు. మేమూ దాన్ని ఆకాశానికి ఎత్తడం లేదు. కాకపోతే దాని వెనుక ఉన్న ఆలోచన ఒకటుంది. ప్రమాదం విధివశాత్తూ జరగదు, కార్మికుడి అజాగ్రత్త వల్ల మాత్రమే జరగదు, పనిని అమర్చిన తీరులో అది ముందే దాగి ఉంటుంది. కాబట్టి ఆ అమరిక గురించి మాట్లాడేటప్పుడు కార్మికుడికీ కుర్చీ ఉండాలి. ఇవాళ పనిని అమర్చేది అల్గారిథం. ఆ బల్ల దగ్గర మా తమ్ముడికి కుర్చీ లేదు.

1970 ఫిబ్రవరిలో సంజీవయ్య మళ్లీ కార్మిక శాఖకు వచ్చారు. ఈసారి ఏడాది పైచిలుకు మాత్రమే ఉన్నారు. మా లెక్కలో ఆయన జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన చట్టం అప్పుడే వచ్చింది. కాంట్రాక్టు కార్మికుల (క్రమబద్ధీకరణ, రద్దు) చట్టం 1970 సెప్టెంబరులో ఆమోదం పొంది 1971 ఫిబ్రవరి 10న అమల్లోకి వచ్చింది. బిల్లు అంతకు ముందే పార్లమెంటుకు వచ్చింది, సంయుక్త సంఘం దాన్ని నలగ్గొట్టింది. కాబట్టి మొత్తం ఘనత ఒక్కరిది కాదు. అది చట్టమై అమలైనప్పుడు ఆ శాఖ బాధ్యత మాత్రం ఆయనదే.

ఆ చట్టం చేసిన పని చాలా సూటిగా ఉంటుంది. మేస్త్రీ, కాంట్రాక్టరు, ఏజెన్సీ, పేరేదైనా కానీ మధ్యలో ఒకడుంటాడు. దెబ్బ తగిలినా, కూలి ఎగ్గొట్టినా అసలు యజమాని ఆ మధ్యవాడి వైపు చేయి చూపిస్తాడు. 1970 చట్టం ఆ చేతిని పట్టుకుంది. తాగునీరు, మరుగుదొడ్డి, విశ్రాంతి గది, ప్రథమ చికిత్స పెట్టె కాంట్రాక్టరు ఏర్పాటు చేయకపోతే ప్రధాన యజమానే చేయాల్సి ఉండేది. కాంట్రాక్టరు కూలి ఇవ్వకపోతే ప్రధాన యజమానే ఇవ్వాల్సి ఉండేది. ఏడాది పొడవునా సాగే పని అయితే అందులో కాంట్రాక్టు పద్ధతినే నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఉండేది. ఇరవై మంది, అంతకు పైన ఉన్నచోట వర్తించేది.

దీనికి తూట్లు ఎక్కడ పడ్డాయో దళిత ఉద్యమకారులకు వేరే చెప్పనక్కర్లేదు. 2003లో ఆంధ్రప్రదేశ్ ఈ చట్టాన్ని సవరించింది. ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్టు కూడదంటూనే, ఊడ్చడం, కడగడం, చెత్త ఎత్తడం వంటి పారిశుద్ధ్య పనులను ముఖ్యం కాని పనుల జాబితాలో పెట్టింది. ఏ కులం పని ముఖ్యం కాకుండా పోయిందో ఆ జాబితా చదివితే అర్థమవుతుంది. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అదే ధోరణిని దేశమంతటికీ తెచ్చింది. పదమూడు చట్టాలను మింగిన ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. కాంట్రాక్టు నిబంధనలు వర్తించే సంఖ్య ఇరవై నుంచి యాభైకి పెరిగింది. కరెంటుతో నడిచే ఫ్యాక్టరీ అంటే పది మంది అన్నది ఇరవై అయింది. ఇన్‌స్పెక్టరు ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్. ఏ సంస్థను తనిఖీ చేయాలో కంప్యూటరే చీటీ తీసినట్టు ఎంపిక చేసే పద్ధతికీ కోడ్ దారి తెరిచింది. ధోరీ గనిని కంప్యూటరు చీటీ తీసి ఉండేదా అని మేము ఒక్కోసారి అనుకుంటాం.

మేము చూసిన ఒక పట్టణంలో పారిశుద్ధ్య కార్మికులు చీకటితోనే వచ్చి ఫోను ముందు నిలబడతారు. ముఖం గుర్తుపడితేనే హాజరు. ఒక అమ్మ ఏడుసార్లు నిలబడింది. వీధి దీపం కిందికి నడిచి, కొంగుతో చెమట తుడుచుకుని, మళ్లీ నిలబడింది. ఆమెకు గ్లవుజులు ఇచ్చారా, బూట్లు ఇచ్చారా అని అడిగే యాప్ మాత్రం లేదు. 2018లో జాయ్ బువొలమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి పరిశోధకులు, ముఖం చూసి ఆడా మగా చెప్పే కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లటి మగవాళ్ల దగ్గర ఒక శాతం లోపే ఉన్న తప్పులు నల్లటి ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక సాఫ్ట్‌వేరులో 34.7 శాతం దాకా పోయాయి. మన వాడల ముఖాల మీద ఈ యంత్రాలను పరీక్షించి లెక్కలు బయటపెట్టమని అడగడం గొంతెమ్మ కోరిక ఏమీ కాదు.

బయటి దేశాల్లో చట్టం కదిలింది. ఐరోపా కృత్రిమ మేధ చట్టం 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. పనిచోట మనిషి ముఖకవళికలు చూసి అతని భావాలు పసిగట్టే యంత్రాలను 2025 ఫిబ్రవరి నుంచి, వైద్యం, భద్రత అవసరాలకు తప్ప, నిషేధించింది. నియామకం, పని పంపకం, పనితీరు కొలవడం చేసే ఏఐని అధిక ప్రమాదం ఉన్న రకంగా లెక్కగట్టింది. ప్లాట్‌ఫాం కార్మికుల మీద 2024లో వచ్చిన మరో ఐరోపా ఆదేశం ఇంకాస్త ముందుకు వెళ్లింది. యాప్ పెట్టే ఒత్తిడి ఒంటికి, మనసుకు చేసే హాని ఎంతో కంపెనీయే అంచనా వేయాలి, ఖాతా మూసేసే నిర్ణయం మనిషే తీసుకోవాలి. మన దగ్గర 2025 నవంబరులో కేంద్రం ఏఐ పాలన మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రస్తుతానికి విడిగా చట్టం అక్కర్లేదన్నది వాటి సారం. 2023 వ్యక్తిగత డేటా చట్టమేమో ఉద్యోగ అవసరాల కోసమైతే కార్మికుడి సమ్మతి లేకుండానే అతని డేటా వాడుకునే వెసులుబాటు యజమానికి ఇచ్చింది. కర్ణాటక 2025లో గిగ్ కార్మికుల చట్టం చేసి, యాప్ ఎలా నిర్ణయిస్తుందో కార్మికుడికి చెప్పాలంది. అది బండి మీద సరుకు తెచ్చి ఇచ్చే కుర్రాడికి వర్తిస్తుంది. అదే సరుకును గోదాములో తీసిచ్చే మా తమ్ముడు గిగ్ కార్మికుడు కాదు, ఏజెన్సీ మనిషి. అతనికి వర్తించదు.

అయితే పాత చట్టాల ఆలోచన ఇంకా చేతికందే దూరంలోనే ఉంది. కొత్త కోడ్‌లోనూ యజమాని పనిచోటును హాని లేకుండా ఉంచాలి, నియామక పత్రం ఇవ్వాలి. తన భద్రతకు సంబంధించిన సమాచారం అడిగే హక్కు కార్మికుడికి ఉంది. స్కానరు విధించే వేగం కూడా బొగ్గు ధూళి లాంటి హానే అని వాదించడానికి ఈ మాటలు సరిపోతాయని మా అభిప్రాయం. నిమిషానికి ఎన్ని వస్తువులన్న లెక్క ఎవరు పెట్టారు, ఏ ఒంటిని చూసి పెట్టారు, నడుము పట్టేసిన మనిషికి దాన్ని ఆపే మీట ఏది? ఇవి అడగడానికి కృత్రిమ మేధ చదువు అక్కర్లేదు. కార్మిక సంఘాలు మాత్రం ఇంకా జీతం, పర్మనెంటు దగ్గరే ఆగాయి. దళిత సంఘాలు రిజర్వేషన్ దగ్గర. ప్రైవేటు గోదాములో పనికి తీసుకునేది, తీసేసేది ఇప్పుడు సాఫ్ట్‌వేరు అయినప్పుడు, ఆ సాఫ్ట్‌వేరు మన ప్రశ్న ఎందుకు కాలేదో మాకు అర్థం కాదు.

సంజీవయ్యను గొప్ప తిరుగుబాటుదారుగా చూపించే ఉద్దేశం మాకు లేదు. ఆయన చివరిదాకా కాంగ్రెస్ మనిషి. రాజీలు చేశారు, పైవాళ్ల మాట కాదనలేని సందర్భాలూ ఉన్నాయి. కాంట్రాక్టు చట్టంలో ఇరవై మంది అన్న గీత కింద మిగిలిపోయిన వాళ్లలో మన వాళ్లే ఎక్కువ. అయినా నిజమైన యజమాని ఎవరు అన్న ప్రశ్నకు ఆ చట్టం ఇచ్చిన జవాబు యాభై ఏళ్ల తర్వాత కూడా పాతబడలేదు.

1971లో ఆయన మళ్లీ పార్టీ అధ్యక్షుడయ్యారు. 1972 మేలో ఢిల్లీలో గుండెపోటుతో చనిపోయారు. వయసు 51. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పార్కు ఆయన పేరు మీద ఉంది. విశాఖపట్నంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, కృష్ణపట్నం దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం కూడా ఆయన పేరుతోనే ఉన్నాయి. బొగ్గు ధూళి రేగే చోట ఆ పేరు ఉండటం యాదృచ్ఛికమే.

పోయిన నెల మా తమ్ముడి చేత కార్మిక శాఖకు దరఖాస్తు రాయించాం. నియామక పత్రం జత చేయమన్నారు. అది అతనికి ఎప్పుడూ ఇవ్వలేదు. ఆ 41 నిమిషాలు కనిపించే ఫోను తెర ఫోటో తీసి జత చేశాం. యజమాని పేరు రాయాల్సిన గడి దగ్గర పెన్ను ఆపి మా వైపు చూశాడు. జీతం వేసే ఏజెన్సీ పేరా, గోదాము పేరా, స్కానరు మీద ఉన్న కంపెనీ పేరా అని. గడి చిన్నది. మూడూ పట్టేలా సన్నగా రాయమన్నాం.